జేన్ ఐర్‌కు వచ్చిన ఆస్తి – పాఠకుల తీర్పులు

ప్రేమకథ చదివిన పదిమందిని అభిప్రాయం అడిగితే ఇంచుమించు ఒకే మాట చెబుతారు. అదే కథలో కథానాయికకు ఆస్తి కలిసివచ్చిన ఘట్టాన్ని గురించి అడిగితే పదిమందీ పది రకాలుగా చెబుతారు. ప్రేమ విషయంలో పాఠకులు పుస్తకాన్ని బట్టి మాట్లాడతారు. ఆస్తి విషయంలో తమ ఇంటిని బట్టి మాట్లాడతారు. షార్లట్ బ్రాంటే రాసిన "జేన్ ఐర్" నవలను నలుగురితో కలిసి చదివినప్పుడు ఈ సంగతి నాకు స్పష్టంగా తెలిసివచ్చింది.

మా కాలేజీలో శనివారం సాయంత్రాలు కొందరు విద్యార్థులూ, ముగ్గురు నలుగురు ఉద్యోగులూ కూడి ఏదో ఒక పుస్తకం చదివి చర్చించుకోవటం అలవాటుగా పెట్టుకున్నాం. నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు శాఖలోని మిత్రుడొకరు ఈసారి "జేన్ ఐర్" తీసుకుందామన్నారు. విద్యార్థుల్లో చాలామంది చేతుల్లో ఉన్నవి సంక్షిప్త ప్రతులు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తరవాత తెలుస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే కనక క్లుప్తంగా చెబుతాను. తల్లిదండ్రులు లేని జేన్ మేనమామ ఇంట్లో, ఆయన పోయిన తరవాత, అత్త దయ మీద పరాయిపిల్లగా పెరుగుతుంది. లోవుడ్ అనే ధర్మపాఠశాలలో చదువుకుని, అక్కడే ఏడాదికి 15 పౌండ్ల జీతం మీద పాఠాలు చెప్పి, తరవాత థార్న్‌ఫీల్డ్ అనే భవంతిలో 30 పౌండ్ల జీతానికి గవర్నెస్‌గా కుదురుతుంది. గవర్నెస్ అంటే యజమాని ఇంట్లోనే ఉండి పిల్లలకు చదువు చెప్పే స్త్రీ. నౌకర్ల కంటె ఒక మెట్టు పైన, యజమానుల కంటె పది మెట్లు కింద. ఆ ఇంటి యజమాని రోచెస్టర్ ఆమెను ప్రేమిస్తాడు. పెళ్ళిపీటల మీద, అతనికి జమైకానుంచి తెచ్చుకున్న భార్య బెర్తా బతికే ఉందనీ, పిచ్చిదై మేడమీది గదిలో బందీగా ఉందనీ బయటపడుతుంది. జేన్ ఆ ఇల్లు విడిచి, చేతిలో ఉన్న 20 షిల్లింగులూ బండివాడికిచ్చి, ముక్కూ ముఖం తెలియని చోట దిగి, రొట్టెముక్కకోసం అడుక్కునే స్థితికి వస్తుంది. సెయింట్ జాన్ రివర్స్ అనే యువ పాదిరీ, అతని ఇద్దరు చెల్లెళ్ళూ ఆమెను ఆదుకుంటారు. అతను ఒక పల్లెటూరి బడిలో మళ్ళీ 30 పౌండ్ల ఉద్యోగం చూపిస్తాడు.

అప్పుడు 33వ అధ్యాయం వస్తుంది. మంచు కురుస్తున్న రాత్రి సెయింట్ జాన్ వచ్చి, ఆమె పినతండ్రి జాన్ ఐర్ మదీరా ద్వీపంలో చనిపోయాడనీ, తన ఆస్తి మొత్తం, 20,000 పౌండ్లు, ఆమెకు రాసిపోయాడనీ చెబుతాడు. ఆ సంభాషణలోనే మరో సంగతి తేలుతుంది. రివర్స్ అన్నాచెల్లెళ్ళ తల్లి జేన్‌కు స్వయానా మేనత్త. జేన్ ఆ 20,000నూ నాలుగు భాగాలు చేసి తలా ఒక 5,000 పంచుకుందామంటుంది. పంచుతుంది కూడా.

ఈ ఘట్టం మీద మా గోష్ఠిలో వచ్చిన అభిప్రాయాలు రాసిపెట్టుకున్నాను.

అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు, "ఇది లాటరీ చీటీ. కథ చిక్కున పడ్డప్పుడల్లా బూర్జువా నవలాకారులు ఎక్కడో ఒక బాబాయిని చంపుతారు" అన్నాడు. మా లైబ్రరీలో పనిచేసే ఒకావిడ ఆస్తి వచ్చినందుకు సంతోషించింది గాని, పంచినందుకు మండిపడింది. "నాకు నలుగురు పాలివాళ్ళున్నారు. అడిగినా ఇచ్చినవాణ్ణి చూడలేదు. ఇదేమిటి, అడక్కుండానే ధారపోసింది!" అన్నది ఆవిడ. విద్యార్థి సంఘంలో తిరిగే కుర్రవాడొకడు, "అది బానిసల నెత్తురు పిండిన డబ్బు. నిజమైన స్వాభిమానం ఉంటే ముట్టుకోకూడదు" అన్నాడు. మరొక కుర్రవాడు, "సెయింట్ జాన్ ఆమెకు మేనత్త కొడుకే కదా సార్, వరసకు బావ. అతను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు కూడా. చేసుకుంటే ఆస్తి ఇంట్లోనే ఉండేది" అన్నాడు. అందరూ నవ్వారు గాని, ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. చివరికి బి. ఏ. చదివే అమ్మాయి ఒకతె అడిగింది: "ఆ డబ్బు రాకపోతే ఆమె రోచెస్టర్ దగ్గరికి తిరిగి వెళ్ళేదా సార్? వెళితే ఏ హోదాలో వెళ్ళేది?"

నా అభిప్రాయం కూడా చెప్పాలి. నేను ఈ నవలను మొదటిసారి చదివినప్పుడు అర్థశాస్త్రం మిత్రుడి పక్షమే. మన వారపత్రికల సీరియళ్ళలో పేదపిల్లను కారున్న నాయకుడు పెళ్ళాడి సమస్య తీర్చినట్టే, ఇక్కడ చచ్చిపోయిన పినతండ్రి తీర్చాడనుకున్నాను. సమాజం మారకుండా వ్యక్తికి సుఖం దొరికినట్టు చూపే రచన పాఠకుణ్ణి మోసం చేస్తుందని మనం చాలాకాలంగా అంటున్నాం. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాని ఆ మాటను ఈ నవలకు అతికించటంలో నేను తొందరపడ్డానని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

మొదటి ప్రశ్న: ఈ ఆస్తి ఆకస్మికంగా ఊడిపడిందా? పూర్తి ప్రతి చదివినవాళ్ళు అలా అనలేరు. పెళ్ళి నిశ్చయమైన తరవాత రోచెస్టర్ జేన్‌ను పట్టుబట్టల దుకాణానికీ, నగల దుకాణానికీ తీసుకువెళతాడు. అతను కొనిపెట్టిన కొద్దీ ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది. బొమ్మకు అలంకారం చేసినట్టు తనను అలంకరిస్తున్నాడని మనసులో రగిలిపోతుంది. తనకంటూ కాస్త సొమ్ముంటే ఈ అవమానం ఉండేది కాదు గదా అనుకుని, అంతకుముందే తనకు మదీరాలో పినతండ్రి ఉన్నట్టు తెలుసు కనక, ఇంటికి రాగానే ఆయనకు ఉత్తరం రాస్తుంది. ఇది 24వ అధ్యాయం. ఆ ఉత్తరం ఆయనకు చేరినప్పుడు బెర్తా అన్న మేసన్ జమైకాకు తిరిగిపోతూ మదీరాలో ఆగి ఉంటాడు. పెళ్ళి సంగతి అతనికి తెలుస్తుంది, పెళ్ళి ఆగిపోతుంది. చివరికి ఆస్తి వస్తుంది. పెళ్ళి చెడటానికీ, ఆస్తి రావటానికీ మూలం ఒకే ఉత్తరం. ఆ ఉత్తరం రాయించింది పరాధీనత మీద అసహ్యం. లాటరీ చీటీ కొన్నవాడు ఊరికే కూర్చుంటాడు. జేన్ ఊరికే కూర్చోలేదు.

అంతకంటె ముందు ఆమె ఆస్తి చేతికి రాకుండా అడ్డుపడ్డది కూడా విధి కాదు, మనిషి. పినతండ్రి మూడేళ్ళ కిందటే ఆమెను దత్తత చేసుకుంటానని అత్తకు ఉత్తరం రాశాడు. ఆ పిల్ల లోవుడ్‌లో జ్వరం వచ్చి చచ్చిపోయిందని అత్త జవాబిచ్చింది. ఆడపిల్ల ఆస్తి విషయంలో ఇలాంటి అబద్ధాలు ఏ దేశంలోనైనా ఇంట్లోనే పుడతాయి.

రెండో ప్రశ్న: మరి కష్టపడి సంపాదించినట్టు చూపించవచ్చు గదా? చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 30 పౌండ్ల చొప్పున, ఒక్క పెన్నీ ఖర్చు పెట్టకుండా దాచినా, 20,000 పౌండ్లు పోగు కావటానికి 666 ఏళ్ళు పైన పడుతుంది. ఆమె వంతుకు మిగిలిన 5,000కే 166 ఏళ్ళు పైన పడుతుంది. చదువుకున్న, ఆస్తిలేని మధ్యతరగతి స్త్రీకి ఆనాటి ఇంగ్లండులో తెరిచి ఉన్న తలుపులు రెండు మూడే: గవర్నెస్ పని, బడిపంతులు పని, పెళ్ళి. ఈ తలుపులలో దేనిగుండా వెళ్ళినా స్వాతంత్ర్యం రాదని రచయిత్రి తన కథానాయికను ఒక్కొక్క తలుపు దగ్గరికీ నడిపించి చూపింది. 32 అధ్యాయాలు గడిచాక గాని వారసత్వం రాలేదు. జీతం వల్ల విముక్తి దొరకదని నిరూపించిన తరవాత వచ్చిన వారసత్వం పరిష్కారం కాదు. పరిష్కారం లేదని ఒప్పుకోవటం. మన విమర్శకులు దీన్ని రచయిత్రి బలహీనతగా లెక్కగడతారు. నేను సమాజం మీద ఆమె ఇచ్చిన సాక్ష్యంగా లెక్కగడతాను.

ఈ లెక్క ఆమెకు పుస్తకాలలో దొరికింది కాదు. 1841లో షార్లట్ బ్రాంటే స్వయంగా గవర్నెస్‌గా చేసిన ఇంట్లో పేరుకు 20 పౌండ్ల జీతం. బట్టలు ఉతికించిన ఖర్చు పట్టుకోగా మిగిలేది సుమారు 16. ఆ మరుసటి ఏడు వాళ్ళ పెద్దమ్మ బ్రాన్‌వెల్ చనిపోయి, తన కొద్దిపాటి సొమ్మును నలుగురు ఆడపిల్లలకు సమంగా రాసిపోయింది: షార్లట్, ఎమిలీ, ఆన్ అక్కచెల్లెళ్ళకూ, మరో సోదరి బిడ్డకూ. తలా సుమారు 300 పౌండ్లు వచ్చాయి. 1846లో అక్కచెల్లెళ్ళు తమ కవితలను సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నది ఇలాంటి సొమ్ము చేతిలో ఉండబట్టే. ఏడాదిలో ఆ పుస్తకం రెండు ప్రతులు అమ్ముడుపోయింది. మరుసటి ఏడాదే "జేన్ ఐర్" వచ్చింది. ఒక స్త్రీ నలుగురు స్త్రీలకు సమంగా పంచటం రచయిత్రి కళ్ళారా చూసింది. కనక నాలుగు భాగాల పంపకాన్ని ఊహాలోకం అని కొట్టిపారెయ్యటానికి వీలులేదు.

ఇక పాత పాఠకుల తీర్పులు చూద్దాం. 1848 డిసెంబరులో "క్వార్టర్లీ రివ్యూ" పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ అనే ఆవిడ ఈ నవలను చీల్చిచెండాడింది. సంపన్నుల సుఖాలమీద, పేదల లేమిమీద గొణుగుతున్న ఈ పుస్తకం దేవుడు నిర్ణయించిన ఏర్పాటుమీద గొణుగుతున్నదేనని ఆమె అభియోగం. అంతటితో ఊరుకోలేదు. యూరప్‌లో ప్రభుత్వాలను కూలదోసిన ధోరణీ, ఇంగ్లండులో చార్టిస్టులను పెంచిన ధోరణీ, ఈ నవల రాసిన ధోరణీ ఒకటేనన్నది. ఆ ఏడాది ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఫిబ్రవరిలో "కమ్యూనిస్టు ప్రణాళిక" వెలువడింది. ఏప్రిల్ 10న లండన్ కెన్నింగ్టన్ మైదానంలో చార్టిస్టులు సభ జరిపారు. రిగ్బీ అదే వ్యాసంలో గవర్నెస్‌ల సహాయసంస్థ 1847 నివేదికను కూడా సమీక్షించింది. వాళ్ళ కష్టాలకు జాలిపడింది. కాని గవర్నెస్‌ల పంట పండాలంటే కొందరు తండ్రుల దుబారాలూ, పొరపాట్లూ, నేరాలూ విత్తనాలుగా పడుతూ ఉండాలని కూడా రాసింది! సంపన్నవర్గానికి పంతులమ్మలు కావాలి. అందుకు కొన్ని కుటుంబాలు చితికిపోవాలి. మన పక్షం విమర్శకుడెవడూ గవర్నెస్ వ్యవస్థ ఆర్థిక పునాదిని ఇంత సూటిగా చెప్పలేదు. శత్రువు కొన్నిసార్లు మనకంటె బాగా చదువుతాడు.

మార్క్స్ ఈ రచయిత్రిని ఏ జాబితాలో చేర్చాడో కూడా గుర్తుచెయ్యాలి. 1854 ఆగస్టు 1న "న్యూయార్క్ ట్రిబ్యూన్"లో ఇంగ్లీషు మధ్యతరగతిని గురించి రాస్తూ డికెన్స్, థాకరే, గాస్కెల్‌లతో పాటు బ్రాంటే పేరు చెప్పి, వృత్తి రాజకీయవాదులూ నీతిబోధకులూ అందరూ కలిసి చెప్పినదానికంటె ఎక్కువ సత్యాలు వీళ్ళు చెప్పారన్నాడు. బూర్జువా నవల అని ఒక్కమాటతో మూసిపెట్టే మన మిత్రులు ఈ సంగతి మరవకూడదు.

వర్జీనియా వుల్ఫ్ తీర్పు మరో రకం. స్త్రీలు రచన చెయ్యటానికి డబ్బూ, సొంతగదీ కావాలని వాదిస్తూ 1929లో ఆమె రాసిన ప్రసిద్ధ గ్రంథంలో "జేన్ ఐర్" మీద కోపగించుకుంది. రచయిత్రి స్వంత ఆగ్రహం కథలోకి చొరబడి శిల్పాన్ని వంకర తిప్పిందన్నది. కాని అదే గ్రంథంలో కథకురాలికి స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో చూడండి. బొంబాయిలో గుర్రం మీదినుంచి పడి చనిపోయిన ఆమె అత్త ఏడాదికి 500 పౌండ్లు రాసిపోయింది. ఇంచుమించు అదే సమయంలో ఓటుహక్కు కూడా వచ్చింది. రెండింటిలో డబ్బే ముఖ్యమైనదిగా తోచిందట. షార్లట్ శిల్పాన్ని తప్పుపట్టిన రచయిత్రి కూడా, 80 ఏళ్ళ తరవాత, సముద్రాల అవతల చచ్చిపోయిన బంధువు దగ్గరికే వెళ్ళవలసివచ్చింది. పైగా ఆ అవతలి తీరం మనదే. బొంబాయిలో గుర్రపుస్వారీ చేసే ఇంగ్లీషు దొరసాని సొమ్ము ఎక్కడిదో వుల్ఫ్ అడగలేదు.

షార్లట్ కూడా అడగలేదు. ఇక్కడే విద్యార్థి సంఘం కుర్రవాడి అభ్యంతరం వస్తుంది. నవలలో పంక్తుల మధ్యకు చూస్తే ఆ డబ్బు నడిచివచ్చిన దారి కనిపిస్తుంది. జాన్ ఐర్ మదీరాలో వర్తకుడు. మేసన్ కుటుంబపు వ్యాపారానికి ఫంచల్ పట్టణంలో ప్రతినిధి. మేసన్లు జమైకాలో తోటల యజమానులు. జమైకా తోటలంటే చెరకు. చెరకంటే ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల చాకిరీ. బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వం రద్దుచేస్తూ చట్టం చేసినప్పుడు నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఇచ్చింది యజమానులకు. బానిసలకు ఏమీ ఇవ్వలేదు. ఆ తరవాత చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు మన కోరంగి రేవునుంచి మారిషస్‌కు తెలుగువాళ్ళను ఓడలెక్కించారు. అక్కడ మనవాళ్ళను కోరంగీలు అని పిలిచేవారు. కనక ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

బెర్తాను రచయిత్రి మనిషిగా కాక మృగంగా చూపిందన్నది నిజం. డొమినికాలో పుట్టిన జీన్ రీస్ 1966లో "వైడ్ సర్గాసో సీ" అనే నవల రాసి ఆ స్త్రీకి చరిత్రనూ, గొంతునూ ఇచ్చింది. 1985లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఒక వ్యాసంలో, ఇంగ్లీషు స్త్రీ వ్యక్తిత్వం వికసించటానికి వలసదేశపు స్త్రీ ఆహుతి కావలసివచ్చిందని వాదించింది. జేన్‌ను హిందూస్థానీ నేర్చుకోమనీ, మతప్రచారకుడి భార్యగా ఇండియాకు రమ్మనీ సెయింట్ జాన్ బలవంతపెట్టే ఘట్టాన్ని మనం చదువుతున్నప్పుడు ఆ వాదంలోని బలం తెలుస్తుంది. టెరీ ఈగిల్టన్ 1975లో, బ్రాంటేల నవలలు స్వయంకృషిని నమ్మే బూర్జువా విలువలకూ, భూస్వామ్య కులీనతకూ మధ్య రాజీలు కుదుర్చుతాయన్నాడు. జేన్ చివరికి భూస్వామి భార్యగా స్థిరపడుతుంది కనక ఆ మాటనూ తోసిపుచ్చలేం.

ఇన్ని దోషాలున్న ఆస్తిని జేన్ ముట్టుకోకుండా ఉండవలసిందా? ఆ కుర్రవాడికి నేనిచ్చిన జవాబు ఇది. నిరాకరించటం సుఖం. చేతులు శుభ్రంగా ఉంటాయి. కాని నిరాకరిస్తే ఆ డబ్బు జమైకా బానిసలకు పోదు. ఇంకొక వారసుడికి పోతుంది. కష్టమైన పని పంచటం. నవలలో ఈ పంపకానికి ఎదురుగా ఏముందో గమనించాలి. రోచెస్టర్ తండ్రి తన ఎస్టేటును ముక్కలు చెయ్యటం ఇష్టంలేక మొత్తం పెద్దకొడుక్కిచ్చాడు. చిన్నకొడుకు దరిద్రుడు కాకూడదని 30,000 పౌండ్ల కట్నంతో బెర్తాను తెచ్చి చేశాడు. ఆస్తి పంచకపోవటం వల్ల కట్నం పెళ్ళి. కట్నం పెళ్ళి వల్ల మేడమీద బందీ అయిన స్త్రీ. చివరికి కాలిపోయిన మేడ. ఇటు చూస్తే, ఆస్తి పంచటం వల్ల ఎవరింట్లోనో పంతులమ్మలుగా బతుకుతున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇంటికి తిరిగివస్తారు. పంచని ఆస్తి కథ ఒకటి, పంచిన ఆస్తి కథ ఒకటి, రచయిత్రి రెండింటినీ ఒకే నవలలో పక్కపక్కన పెట్టింది. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను.

పైగా పంపకం సులభంగా జరగలేదు. చట్టప్రకారం ఆస్తి అంతా నీదేనని సెయింట్ జాన్ వాదిస్తాడు. రివర్స్ కుటుంబానికి ఆ వీలునామాలో దక్కింది ముగ్గురికీ కలిపి 30 గినీలు, స్మారక ఉంగరాలు కొనుక్కోవటానికి. జేన్ చట్టానికి మించిన న్యాయం ఒకటుందని పట్టుబట్టి, వాళ్ళు ఒప్పుకోకపోతే మధ్యవర్తులను పెట్టి మరీ పంచుతుంది. లైబ్రరీ ఆవిడ కోపానికి జవాబు ఇదే. జేన్ దానం చెయ్యలేదు, బాకీ తీర్చింది. వాళ్ళ మేనమామ ఆస్తిలో వాళ్ళకూ వాటా ఉందన్నది ఆమె నమ్మకం. ఆవిడ పాలివాళ్ళు ఇవ్వనిది కూడా దానం కాదు, బాకీ. అందుకే ఆవిడకు అంత కోపం.

మేనరికం మాట ఎత్తిన కుర్రవాడి పరిహాసంలో కూడా ఒక నిజం ఉంది. మన దేశంలో మేనరికం ఆస్తి గడప దాటకుండా వేసిన గడియ. జేన్ ఆ గడియ తీసేసింది. బావను పెళ్ళాడటానికి ముందే అతని వాటా అతనికిచ్చేసింది. కనక అతను పెళ్ళి చేసుకోమన్నప్పుడు ధైర్యంగా కాదనగలిగింది. ఇంగ్లీషు విమర్శకులు దీన్ని గమనించటానికి అవకాశం లేదు. మన విద్యార్థి గమనించగలిగాడు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న: డబ్బు లేకపోతే జేన్ ఏ హోదాలో తిరిగి వెళ్ళేది? ఉంపుడుకత్తెగానో, నర్సుగానో వెళ్ళేది. డబ్బుతో సమానురాలిగా వెళ్ళింది. అయితే ఆ సమానత్వం ఎంతకాలం? వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు ఇంగ్లండులో 1870, 1882లలో వచ్చాయి. అంతకుముందు, ప్రత్యేకమైన ఒప్పందం రాసుకుంటే తప్ప, పెళ్ళి అయిన క్షణంలోనే ఆడదాని సొమ్ము మొగుడిదైపోయేది. నవల ఈ ప్రసక్తి తేదు. ఇది నవలలోని పెద్ద లోపం. బెర్తా 30,000 ఏ చట్టం కింద రోచెస్టర్ చేతికి పోయాయో, అదే చట్టం జేన్ 5,000 మీద కూడా అమలులో ఉంది.

ఇంతవరకూ చెప్పి నేను మన చట్టాల సంగతి కూడా చెప్పాను. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో కొంత వాటా ఇచ్చింది గాని, పిత్రార్జితంలో కొడుకుతో సమానమైన పుట్టుహక్కు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ 1986 సవరణతో ఆ హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్ళయినవాళ్ళకు మాత్రం కాదన్నది. 2005లో పార్లమెంటు దేశమంతటికీ ఆ హక్కు వర్తింపజేసింది. 2020లో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాలు తీర్చింది. ఇదంతా చెప్పి, చట్టం వచ్చినంత మాత్రాన సరిపోదు, చైతన్యం రావాలి అని ముగించబోతున్నాను. అప్పుడు ఆ అమ్మాయే అడిగింది: "మీకు అక్కచెల్లెళ్ళున్నారా సార్? మీ ఇంట్లో ఎలా పంచుకున్నారు?"

మాకు 2 ఎకరాల 40 సెంట్ల మాగాణి ఉంది. అమ్మ ముందే పోయింది. నాన్న పోయిన తరవాత అన్నయ్యా నేనూ తలా ఎకరం ఇరవై సెంట్లు రాయించుకున్నాం. అక్క చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించాం. రిజిస్ట్రారు కచేరీ వరండాలో దస్తావేజు లేఖరి వేలితో చూపించిన చోటల్లా అక్క సంతకం పెట్టింది. "నాకెందుకురా, ఏటా పిలిచి పసుపు కుంకుమ పెట్టండి, పుట్టిల్లు ఉంటే చాలు" అన్నది. ఆ మాట మాకు ఎంతో హాయిగా వినిపించింది. ముగ్గురం పంచుకుని ఉంటే తలా 80 సెంట్లు వచ్చేది. అంటే నా ఎకరం ఇరవైలో నలభై సెంట్లు అక్కది. ఈ లెక్క ఏళ్ళ తరబడి నేను వెయ్యలేదు. జేన్ జీతాన్ని ఎన్నేళ్ళు దాచాలో లెక్క వేశాను గాని, ఇది వెయ్యలేదు.

ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. కుర్రవాళ్ళెవరూ మాట్లాడలేదు. లైబ్రరీ ఆవిడ మాత్రం, "అక్క అడగలేదు కదండీ" అన్నది నన్ను ఓదార్చటానికన్నట్టు. రివర్స్ అక్కచెల్లెళ్ళు కూడా అడగలేదు. ఆడపిల్ల అడగకపోవటం మీదనే మన కుటుంబాల ఔన్నత్యమంతా నిలబడి ఉంది. అడిగిన నాడు పుట్టిల్లు ఉండదని ఆమెకు తెలుసు. తెలుసునని మనకూ తెలుసు.

నలభై సెంట్లూ రాసి ఇస్తానని అక్కకు ఫోను చేశాను. "నీకేమన్నా పిచ్చా, అన్నయ్య ఏమనుకుంటాడు" అని కోప్పడింది. అన్నయ్య అప్పటినుంచి సరిగా మాట్లాడటంలేదు. కాగితాలు ఇంకా కాలేదు. జేన్ పట్టుబట్టటానికీ, మధ్యవర్తులను కూర్చోబెట్టటానికీ రచయిత్రి ఎందుకన్ని పుటలు ఖర్చు పెట్టిందో నాకు ఇప్పుడు తెలుస్తున్నది. తీసుకోవటానికి సంతకం ఒక్కటి చాలు. తిరిగి ఇవ్వటానికి ఇంటిల్లిపాదితో పోట్లాడాలి.

కనక "జేన్ ఐర్"ను మనం రెండు కళ్ళతోనూ చదవాలి. ఆస్తి ఎక్కడినుంచి వచ్చిందో అడగని నవల అది. ఆ ప్రశ్న మనం అడగాలి. ఆస్తి వచ్చాక ఏం చెయ్యాలో చెప్పిన నవల కూడా అదే. ఆ జవాబు మనం వినాలి. మొదటి ప్రశ్న అడిగి రెండో జవాబు వినకుండా తప్పించుకోవటం మన పక్షం పాఠకులకు సులభంగా అబ్బే అలవాటు. నాకూ అబ్బింది.

సంక్షిప్త ప్రతుల సంగతి చెబుతానన్నాను. మా విద్యార్థుల చేతుల్లో ఉన్న ఒక ప్రతిలో మదీరాకు ఉత్తరం రాసిన సంగతే లేదు. పంపకం రెండు వాక్యాలలో అయిపోయింది. రోచెస్టర్ ముద్దుమాటలు మాత్రం ఎక్కడా తగ్గలేదు. ఏది కథ, ఏది కథకు అడ్డం అన్న విషయంలో సంక్షేపకారుడు కూడా ఒక పాఠకుడే. అతనూ తన తీర్పు చెప్పాడు. అధ్యాపక మిత్రులకు నా మనవి ఒకటే. ఈ నవల చదివించదలిస్తే పూర్తి ప్రతి చదివించండి. అంత వ్యవధి లేకపోతే 24వ అధ్యాయం, 33వ అధ్యాయం అయినా గట్టిగా చదివి వినిపించండి. చదివిన తరవాత విద్యార్థులు మీ ఇంటి సంగతి అడిగితే తప్పించుకోకండి.